కండల మంట, కండ్ల మంట

లోకంల ఎవలికన్న రోగమొస్తే జనం "అయ్యో" అంటరు. బొగ్గుబాయిల కాడ అట్ల తొందరపడరు. "ఏం రోగం?" అని ముందుగాల అడిగి, దానికి అన్‌ఫిట్ అయితదా కాదా మనసుల లెక్కేసుకొని, అటెన్క అయ్యో అనాల్నా, ఓహో అనాల్నా తేల్చుకుంటరు.

ముత్యానికి ఒచ్చింది ఓహో జాతి రోగమని తెలిసిననాడు లింగమూర్తికి ముద్ద దిగలే.

ఇద్దరు సడ్డకులు, అంటే అక్కచెల్లెండ్లను చేసుకున్నోళ్లు. అక్క ఐలవ్వ లింగమూర్తి పెండ్లాం, చెల్లె సారవ్వ ముత్యం పెండ్లాం. ఇద్దరిదీ ఒకే బాయి, ఒకే షిఫ్టు, సెంటినరీ కాలనీల ఒకే లైను. నడుమ మూడు క్వార్టర్ల దూరం. ఓర్వలేనోనికి అంతకంటె అనువైన దూరం దొరకదు: కూర వాసన ఒస్తది, కూర రాదు.

ఆ ఓర్వలేనితనం ఇయ్యాల్టిది కాదు. నల్లా ఇడిస్తే ముత్యం ఇంట్ల నీళ్లు ధార కడుతయి, లింగమూర్తి ఇంట్ల దారమైతయి. సారవ్వ చేస్తే పప్పు, ఐలవ్వ చేస్తే ముప్పు. ఆఖరికి పేరు సుత ఆయనకే మంచిది వడ్డది. "ముత్యం వానికి, చిప్ప నాకు" అని లింగమూర్తి బాయి కాడ నలుగుట్ల అంటే, అందరు నవ్వేటోళ్లు. ఆయన నవ్వకపోయేది. అది ఆయనకు జోకు కాదు, జాతకం.

ఇప్పుడీ అన్‌ఫిట్ ముచ్చట చెప్పాలె. బాయిల పనిచేసేటోడు రోగంతోని ఇగ పనికిరాడని మెడికల్ బోర్డు రాసిందంటే, తండ్రి ఇంట్ల కూసుంటడు, కొడుకు నౌకరి ఎక్కుతడు. కని ఒక మెలిక: అరవైకి రిటైర్మెంటు, దానికి రెండేండ్లన్న మిగిలి ఉండాలె. లింగమూర్తికి ఇంక నాలుగు నెలలైతే యాభై ఎనిమిది నిండుతయి, తొవ్వ బందైతది. కొడుకు వీరేందర్ డిగ్రీ చదివి షేర్ ఆటో నడుపుతున్నడు. పొద్దంత "ఖని, ఖని, బస్టాండ్!" అని ఒర్రి ఒర్రి, తానం చేసుకుంట సుత అదే ఒర్రుతున్నడు.

లింగమూర్తి బోర్డుకు పోకుండ లేడు. మూడుసార్లు పోయిండు. ఒకసారి నడుము నొప్పన్నడు. ఇంకోసారి చెవులు ఇనవడ్తలేవన్నడు. "సరే, పోరా" అని డాక్టరు మెల్లగ గొణిగితే "ఎటు పోవాలె సార్?" అని అడిగిండు. మూడోసారి కండ్లు కనవడ్తలేవని చెప్పుకుంట, బల్ల అవుతలి దిక్కున్న కాయితంల తన పేరు తలకిందులుగ చదివి "గక్కడ సంతకం వెట్టాల్నా సార్?" అన్నడు. మూడుసార్లు బోర్డు ఆయనను ఫిట్ అన్నది. మూడుసార్లు ఆయనే బోర్డు తిప్పేసి ఇంటికొచ్చిండు. "ముప్పై ఐదేండ్లు బొగ్గుపొడి మింగిన పెయ్యి! దీనికి ఒక్క రోగం దొరుకలేదా?" అని తన రెక్కలను తానే గిచ్చుకునేటోడు.

గసొంటి టైముల ముత్యం రోగం వడ్డడు.

ఆయనకు యాభై ఏండ్లు. మొదలు కంటిరెప్పల మీద వంకాయ రంగు తేలింది. "ఏందిరా, సుర్మా వెడ్తున్నవా?" అని బాయి కాడ ఆట పట్టించిండ్రు. అటెన్క వేళ్ల గనుపుల మీద ఎర్ర మచ్చలొచ్చినయి. ఒకనాడు డ్యూటీ బస్సు మెట్టు ఎక్కరాలే. కింద కూసుంటే లేవరాలే. చేతులు భుజాల మీదికి లేస్తలేవు. పెద్ద దవాఖానకు తోలితే తొడ కండ ముక్క తీసి పరీక్ష చేసిండ్రు. "ముక్క లేనిదే ముద్ద ముట్టనోడు, ఆఖరికి వాని ముక్కే వాయె" అని లింగమూర్తి నవ్విండు. ముక్క రిపోర్టు ఒచ్చినంక నవ్వు బందైంది. కండల్ల మంటట. రోగం పేరు ఇంగ్లీషుల బస్సంత పొడుగున్నది. మూడు నెలలకు బోర్డు. "పక్కా అన్‌ఫిట్! ఇగ రఘుపతి నౌకరి ఎక్కినట్టే" అని లైనంత మోగింది. రఘుపతి ముత్యం కొడుకు.

కండల మంట ముత్యానికి, కండ్ల మంట లింగమూర్తికి. రాతల ఒక్క వొత్తే తేడా. ఆ వొత్తు ఒచ్చి లింగమూర్తి గుండె మీద కూసున్నది.

తెల్లారి పలకరియ్య పోయిండు. సారవ్వ మొగన్ని స్టూలు మీద కూసోవెట్టి తల దువ్వుతున్నది.

"రా బావా, కూసో. చాయ్ వెడ్త."

"దువ్వు మరదలా, దువ్వు. మీ అక్క నా తల మీద చెయ్యేసి ఇరవై ఏండ్లాయె. దువ్వ వెంట్రుకలు లేకున్నా, దువ్వాలన్న బుద్ధన్న ఉండాలె గద."

"నీకేందన్నా, నీ చెయ్యి నీ తల మీదికి పోతది" అన్నడు ముత్యం. "నా ముక్కు మీద ఈగ వాలితే నేను సారవ్వను పిలువాలె."

"ఈగ తోల మనిషి! నైజాం నవాబుకు లేదురా ఈ భోగం." లింగమూర్తి పీట ముందుకు జరుపుకున్నడు. "సరే గని తమ్మీ, నొప్పి ఏ పక్క?"

"నొప్పి పెద్దగ లేదన్నా. బలమే లేదు."

"నొప్పి లేదా!" లింగమూర్తి గుండె కలుక్కుమన్నది. "నొప్పి లేని అన్‌ఫిట్టా!"

గప్పటి సంది పరీక్షకు చదివే పోరగాని లెక్క ఒక్కొక్కటే అడిగి గుర్తు వెట్టుకున్నడు. చెయ్యి ఏడి దాంక లేస్తది, కింద నుంచి లేసేటప్పుడు మోకాలు ఎట్ల పట్టుకోవాలె, మెట్టు కాడ ఏ కాలు ముందు ఆగుతది. ఇంటికొచ్చి షురూ చేసిండు. అంగీ తొడుక్కరాదు, తువ్వాల అందుకోరాదు. రెండు దినాలు ఐలవ్వనే అన్నీ అందిచ్చింది. మూడోనాడు కోడికూర వండి, "నీ గిన్నె అటుక మీదున్నది" అని చేతులు కడుగవొయ్యింది. ఒచ్చి చూస్తే లింగమూర్తి గిన్నె నిండ వెట్టుకొని తింటున్నడు.

"అటుక మీది గిన్నె ఎట్ల దిగిందయ్యా?"

లింగమూర్తి నోట్ల కోడిబొక్క తీసి గిన్నె పక్కకు వెట్టిండు.

"నీ చేతులు లేస్తలేవు గని, అటుక ఎక్కినయి" అన్నది ఐలవ్వ. "సిగ్గు లేదా? నా చెల్లె మొగడు మంచం వట్టిండని అది ఏడుస్తుంటే, నువ్వు మంచం దొరుకలేదని ఏడుస్తున్నవు."

అయినా ఆశ సావలే. నెల దాటినంక ముత్యాన్ని గోదావరిఖని దవాఖానకు పట్టుకపోయే పని తానే మీదేసుకున్నడు. ఆడికి నెలకోసారి ఈ రోగాల స్పెషలిస్టు ఒస్తది. పేరు ప్రసూన, కోస్తా దిక్కు మనిషి. ముత్యాన్ని పిలిచే లోపల్నే లింగమూర్తి కుర్చీల కూలవడ్డడు.

"మేడం, నాకు సుత గిదే రోగం. ఒక్క తీరే ఉన్నది. చేతులు లేస్తలేవు."

"అలాగా? మీ చెయ్యి ఇలా పెట్టండి." ఆమె ఆయన గోరు మొదట్ల ఒక నూనె చుక్కేసి, చిన్న కెమెరా లెక్కటిది ఆనిచ్చింది. దాని వైరు లాప్‌టాప్‌కున్నది.

"రోగం భుజంల ఉంటే గోరు చూస్తరేంది మేడం?"

"కండకి అన్నం పెట్టేవి సన్న రక్తనాళాలండీ. వెంట్రుక కన్నా సన్నం. ఈ జబ్బు ముందు వాటి మీదే పడుతుంది. ఒళ్లు కొయ్యకుండా వాటిని చూడాలంటే ఇదే మంచి చోటు, గోరు చుట్టూ ఉండే చర్మం."

"గోరుచుట్టు మీద రోకటి పోటంటరు, గిదేనా!"

ఆమె నవ్వింది. తెర మీద బొమ్మ తేలింది. ఎర్రటి సన్న వంపులు, ఒకదాని పక్కకు ఒకటి, సెంటినరీ కాలనీ క్వార్టర్ల తీరు లైను తప్పకుండ నిలవడ్డయి.

"ఎంత చక్కగా ఉన్నాయో చూడండి. ఇరవై ఏళ్ల కుర్రాడివి అన్నా నమ్మేస్తారు."

అంత మంచి మాట విని అంత ఘోరంగ ముఖం మాడ్చుకున్న మనిషిని ఆమె గప్పటి దాంక చూసి ఉండదు. "మూలకు ఒక్కటన్న చెడిపోలేదా మేడం? మంచిగ చూడుండ్రి, ఒక్కటన్న?"

"ఒక్కటీ లేదు. లేవండి, ఆయన్ని కూర్చోనివ్వండి."

లింగమూర్తి లేసిండు. మోకాలు పట్టుకొని లేవాల్నన్న సంగతి సుత మరిచిండు.

ముత్యం గోరు బొమ్మ ఒచ్చినంక లింగమూర్తి తెర దగ్గరికి వంగిండు. ఆ వరుస ఏది? అక్కడొకటి ఇక్కడొకటి మిగిలినయి. మిగిలినయి ఉబ్బి, మెలికలు తిరిగి, పక్కకు నెత్తుటి చుక్కలు కార్చుకొని ఉన్నయి. నడుమంత బోడి జాగ. ముప్పై ఐదేండ్లు బాయిల దిగినోనికి ఆ బొమ్మ ఎవలు చదివి చెప్పద్దు. బొగ్గు తోడుకున్నంక మిగిలే గుల్ల ఆయనకు తెలుసు. కప్పు కూలి తొవ్వ మూసుకపోతే అవుతల ఉన్నోనికి గాలి అందదనీ తెలుసు.

"ముక్క పరీక్షలోనూ ఇదే కనిపించింది" అన్నది ప్రసూన. "కండ అంటే గడ్డిమోపు అనుకోండి. నాళాలు పోయేసరికి మోపు అంచున ఉన్న పోచలు ముందుగా ఎండిపోతున్నాయి."

"కాలువ ఆఖరుకున్న పొలాల లెక్క" అన్నడు లింగమూర్తి, తనకు తెల్వకుండనే.

"అచ్చం అలాగే." ఆమె ముత్యం దిక్కు తిరిగింది. "కానీ నెల రోజుల మందుతో ఇవి కాస్తయినా కోలుకోవాలండీ. పోయిన నెల కంటే పాడయ్యాయి. రోజూ పొద్దున మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటున్న మేడం" అన్నడు ముత్యం, గోడ దిక్కు చూసుకుంట.

"మానేస్తే మింగే కండలకు పాకుతుంది, ఊపిరి దాకా వెళుతుంది. ప్రాణం మీదికొస్తుంది. వేసుకుంటే కొత్త నాళాలు వస్తాయి, చేతులు మళ్లీ లేస్తాయి."

ముత్యం తలూపిండు. అటెన్క మెల్లగ, "మేడం, మా అన్న బొమ్మ ఇంకోసారి చూపియ్యరా?" అన్నడు. ఆమె చూపించింది. ఆ ఎర్ర వరుసల దిక్కు ముత్యం రెప్ప ఎయ్యకుండ చూస్తుండు. ఆ చూపును లింగమూర్తి ఎంటనే పట్టిండు. దినాం గడ్డం గీసుకునేటప్పుడు అద్దంల కనవడే చూపే అది. తన దగ్గర ఉన్నదాని కోసం ఒకడు కుళ్లుకునుడు ఆయన బతుకుల గదే మొదలు. ఎందుకో సంతోషం కాలే.

సంతోషం కాకపోతే కాకపాయె, కుళ్లు మాత్రం ఎటు పోతది? తెల్లారి పెరటి సందుల నుంచి వస్తుంటే ముత్యం కోడిపుంజు కనవడ్డది. నెల కింద బక్కగున్న పుంజు, ఇప్పుడు గొర్రెపిల్లంత అయ్యింది. మెడ కనవడ్తలేదు. లింగమూర్తి ఇంటి కోళ్లేమో కొంగల తోని చుట్టరికం కలుపుకునేటట్టున్నయి. "వీని ఇంట్ల కోడి సుత బలుస్తది! ఏం మేపుతున్నడో చూద్దాం" అని గోడ చాటున నిలవడ్డడు. కొంచెం సేపటికి కిటికీ ఊచల నడుమ నుంచి ముత్యం వేళ్లు ఒచ్చినయి. నాలుగు తెల్ల మందుగోలీలు చిటికెతోని బయటికి ఎగిరినయి. పుంజు ఉరికొచ్చి గుటుక్కుమన్నది.

లింగమూర్తి లోపటికి దుంకిండు. సారవ్వ నీళ్ల కాడున్నది.

"దొంగా! మందు కోడికి, మస్కా బోర్డుకా!"

"మెల్లగన్నా, సారవ్వ ఇంటది. నీ కాల్మొక్త." ముత్యం నల్లా దిక్కు తొంగి చూసిండు. "రెండు నెలలు. బోర్డు దాటనియ్యి. ఇప్పుడు మింగితే చేతులు లేస్తయి, లేస్తే ఫిట్ అంటరు. రఘుపతి గతేంది?"

"ఇంతల పానం పోతే?"

ముత్యం నవ్విండు. "పోయినోని కొడుక్కు సుత కంపెనీ నౌకరి ఇస్తది గదన్నా. ఇట్లైనా నౌకరే, అట్లైనా నౌకరే." దూప ఆగక చెంబెత్తవొయ్యి, రాక, మూతి ఒంచి ఒక గుక్క నీళ్లు పీల్చిండు. ఆ నీళ్లు గొంతుల దిగలే. ముక్కుల నుంచి ఒచ్చినయి. దగ్గు మీద దగ్గు, కండ్లు తేలేసిండు. లింగమూర్తి వీపు చరిచి, ముఖం తుడిచిండు. అయినా నోరు మాత్రం పాత నోరే.

"అంటే నువ్వు బతికినా గెలుస్తవు, సచ్చినా గెలుస్తవా? నేనేమో పానంతోని ఉండి ఓడాల్నా? గెలువనియ్యరా. ఒట్టు, నిన్ను గెలువనియ్య!"

"నా కొడుక్కు నౌకరొస్తే నీకేం నష్టమన్నా?"

నిజం చెప్పాలంటే లింగమూర్తి గిట్ల చెప్పాలె: మీవాడు నెత్తికి టోపీ వెట్టుకొని డ్యూటీకి పోతుంటే, మావాడు ఆటో ఆపి 'ఖని, ఖని' అని మీవాన్నే పిలుస్తడు, అది నేను చూడలేను. ఇంకో ముక్క సుత ఉన్నది. ఆ దగ్గుల ముత్యం పోతే, ఇగ లింగమూర్తి ఎవన్ని చూసి కుళ్లుకోవాలె? ఇరవై ఎనిమిదేండ్ల అలవాటు.

తెల్లారి సంది పొద్దుగాల ఆరుగొట్టంగనే ముత్యం ఆకిట్ల లింగమూర్తి తయార్. బాయిల దిగే ముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నయేమో అని గేటు కాడ జేబులు దేవులాడుతరు గద, గట్లనే.

"నోరు తెర్వు. మింగు. ఇంకోసారి తెర్వు. నాలుక లేపు. ఆ చెంప కింద ఏంది?"

"పన్నన్నా."

"పన్నా, పన్నాగమా? చూడనియ్యి."

ముత్యం తిట్టిండు, మొక్కిండు. "నీ అటుక ముచ్చట లైనంత చెప్త" అని బెదిరిచ్చిండు. "మా ఐలవ్వ ఎన్నడో చెప్పింది" అన్నడు లింగమూర్తి. ఈ లోపటి కథేం తెల్వని సారవ్వ, "తోడబుట్టినోడు సుత గింత చెయ్యడు, బావ దేవుడు" అని అందరికి చెప్పవట్టె. దేవుడు ఆ మాట ఇన్నప్పుడల్లా తల దించుకున్నడు.

రెండు వారాలకు నీళ్లు గొంతు దిగినయి. నాలుగో వారం ముత్యం తన ఈగను తానే తోలుకున్నడు. మందు గుణానికి బుగ్గలు పూర్ణాల లెక్క తేలినయి, ఆకలి రెట్టింపైంది. "రోగం తగ్గుతుంటే సుత అందం వెరుగుడేందిరా నీకు!" అని లింగమూర్తి దానికీ ఏడ్చిండు. ఏడో వారం స్టూలు మీద కూసొని, దువ్వెన వట్టుకొని, చెయ్యిని ఇంకో చెయ్యితోని లేపుకుంట, ముత్యం తల దువ్వుకున్నడు. సారవ్వ వెన్కకు తిరిగి కండ్లొత్తుకున్నది. లింగమూర్తి చాయ్ తాగుతలేడు, చల్లారుతున్నది.

బోర్డు దినం ఒచ్చింది. లింగమూర్తి, సారవ్వ బయట సైకిల్ స్టాండు కాడ నిలవడ్డరు. ఆ వారమే లింగమూర్తికి యాభై ఎనిమిది నిండినయి. ఆయన తొవ్వ బందైంది. ఇగ మిగిలిన ఆశ ఒక్కటే: ఆ లోపలున్నోడు సుత ఉట్టిచేతులతోని రావాలె.

లోపట "చేతులు పైకెత్తండి" అన్నరు. ముత్యం భుజం దాంక ఎత్తి, అక్కడికే చేతులెత్తేసిండు. మంచిగనే నటించిండు. కని వాళ్ల ముందట ప్రసూన మేడం రిపోర్టున్నది. బోడి జాగల్ల కొత్త నాళాలు పుట్టుకొస్తున్నయని, కండబలం సగానికి పైగ తిరిగొచ్చిందని, ఇంకో ఆరు నెలలు మందు ఆపద్దని. మనిషి నటిస్తడు గని, గోరుకు నటన రాదు. "బాయిల దిగద్దు. పైన లైట్ డ్యూటీ చెయ్యొచ్చు. అన్‌ఫిట్ కాదు" అని రాసిచ్చిండ్రు.

ముత్యం కాయితం నలుపుకుంట బయటికొచ్చిండు. లింగమూర్తి ముఖంల ఒక్క ఘడియ ఏదో మెరిసింది. దాసుకుందామన్నా దాగలే. ముత్యం దాన్ని చూసిండు.

"అయ్యిందా? నీ కడుపు చల్లగయ్యిందా? నా కొడుకు నోటికాడి బుక్క గుంజితివి గదన్నా!"

అని చెయ్యెత్తిండు. భుజం దాటింది, చెవి దాటింది, నెత్తి మీదికి నిటారుగ లేసింది. ఇంకో చెయ్యి ఆసరా లేదు. ఆ చెయ్యిని లింగమూర్తి చూసిండు. ముత్యం సుత తలెత్తి, ఎవలిదో అన్నట్టు దాన్నే చూసిండు. పోనీ అని అది ఊకున్నదా అంటే ఊకోలే. అంత మీది నుంచి, బోర్డు రాసిన బలమంత కూడేసుకొని, లింగమూర్తి దవడ మీద దిగింది. సైకిల్ స్టాండు వాచ్‌మన్ బీడీ కింద వడ్డది.

"లేసింది!" అని సారవ్వ కేకేసింది. "మొత్తం లేసింది! ఏమయ్యా, ఇంకోసారి లేపు, ఇంకోసారి!"

"లేపు గని, దించుడు అటు పక్క దించుమను" అన్నడు లింగమూర్తి దవడ పట్టుకొని.

ముత్యం మళ్ల లేపిండు, ఈసారి కొట్టడానికి కాదు. లేపి, అట్లనే వట్టుకొని, వెక్కి వెక్కి ఏడ్చిండు. నౌకరి పోయినందుకో, చెయ్యి ఒచ్చినందుకో ఆయనకే తెల్వది. లింగమూర్తి దగ్గరికి వోవద్దనుకుంటనే పోయి, ఆయన పక్కకు నిలవడ్డడు, చెయ్యి అందనంత దూరంల.

వాళ్లు కాలనీకి చేరక ముందే ముచ్చట లైనంత చేరింది, ఒక్క ఐలవ్వకు తప్ప. లింగమూర్తి ఇంట్లకొచ్చి, "ఏమే, జర ఉప్పు కాపడం వెట్టు" అన్నడు.

"దవడేంది గట్ల ఉబ్బింది? ఎవడు కొట్టిండు?"

"మీ ముత్యం."

"ఏ చెయ్యితోని?"

"కుడి చెయ్యితోని. నెత్తి మీది దాంక లేపి మరీ."

ఐలవ్వ ముఖం వెలిగిపోయింది. "నెత్తి మీది దాంకనా! నా చెల్లె పసుపుకుంకుమ సల్లగుండ!" అని చెప్పులు తొడుక్కోకుండనే ఉరికింది. లింగమూర్తి గడప కాడికొచ్చి చూసిండు. ముత్యం ఆకిట్ల లైనంత గుమిగూడింది. ఆడోళ్లు, మొగోళ్లు, "ఏదన్నా, ఒక్కసారి లేపు" అనుడు, ముత్యం పెండ్లిపిలగాని లెక్క సిగ్గువడుకుంట చెయ్యి లేపుడు, అందరు "ఓహో" అనుడు. వీరేందర్ సుత ఆటో ఆపి, చప్పట్లు కొడుతున్నడు.

లింగమూర్తి కాసేపు చూసిండు. ఇగ ఆగక, దవడ మీది చెయ్యి తీసేసి, ఆ వాపు అందరికి కనవడేటట్టు ముఖం పక్కకు తిప్పి, మూడిండ్లు దాటి ఉరికిండు.

"కొట్టించుకున్నోన్ని నేనిక్కడున్న! ఒక్కడన్న ఈ దవడ సుత చూడుండ్రే!"